డర్బన్ వియ్యాలవారి ఇంటిపేరు ఎక్కడిది?

ప్రశ్న: మా అమ్మాయికి కుదిరిన సంబంధం డర్బన్ వాళ్లది. అబ్బాయి ముత్తాతగారు మద్రాసులో ఓడెక్కి చెరకు తోటల్లో పనికి వెళ్లారట, అంతకుమించి వాళ్లకేం తెలీదు. ఇంటిపేరు అప్పల్సామి అంటారు, అలాంటి ఇంటిపేరు నేనెక్కడా వినలేదు. మద్రాసు అన్నారు కదా అరవవాళ్లేమో అని మావాళ్ల అనుమానం. ఊరు పట్టుకోవడం కుదురుతుందా, శుభలేఖలో ఏం వేయించాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మద్రాసు ఓడెక్కిన రేవు మాత్రమేనమ్మా, సొంతూరు అదే అవ్వాలని లేదు. 1860లో ట్రూరో ఓడతో మొదలై 1911లో ఆపేసేదాకా నాటాల్‌కి, అంటే దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న ప్రాంతానికి, లక్షా యాభై వేల పైచిలుకు మందిని కూలి ఒప్పందం మీద తీసుకెళ్లారు, మన తెలుగువాళ్లు కూడా ఆ రేవు నుంచే వెళ్లారు. ఇక అప్పల్సామి అంటే మన అప్పలస్వామే, సింహాచలం అప్పన్న పేరు, ఉత్తరాంధ్రలో ఏ ఊరెళ్లినా వినపడుతుంది. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాసుకున్నారు గానీ ఇంటిపేరుకి గడే లేదు, తర్వాత పిల్లల కాగితాల్లో తండ్రి పేరో తాత పేరో ఇంటిపేరు కింద పడిపోయింది, వేల కుటుంబాల్లో ఇదే జరిగింది.

వియ్యాలవారిని ముందు ముత్తాతగారి కలోనియల్ నంబర్ అడగండి. వెళ్లిన ప్రతి మనిషికీ ఒక నంబర్ ఇచ్చారు, పిల్లల పాత బర్త్, మ్యారేజ్ సర్టిఫికెట్లలో అది కనపడొచ్చు. అప్పలస్వాములు బోలెడుమంది ఉంటారు కాబట్టి పేరుతో వెతికితే వేరే వాళ్ల తాత తగులుతాడు, నంబర్ ఉంటే డర్బన్‌లో భద్రపరిచిన ఓడ జాబితాల్లో ఆ మనిషే దొరుకుతాడు. అక్కడ గంజాం జిల్లా అని ఉంటే ఒడిశా అనుకుని వదిలేయకండి, 1936 దాకా శ్రీకాకుళం గంజాంలోనే ఉండేది, చికాకోల్ అని రాసేవాళ్లు. ఊరి పేరు ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో వంకరగా ఉంటుంది, గట్టిగా చదివి ఆ తాలూకా ఊళ్లతో పోల్చుకోండి.

ఊరు దొరికినా పాత ఇంటిపేరు దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. దానికోసం ఆ ప్రాంతంలో వినపడే ఏదో ఒక ఇంటిపేరు తెచ్చి అతికించొద్దమ్మా, సముద్రం దాటాక ఆ కుటుంబం దగ్గర మిగిలింది ఆ తాతగారి పేరొక్కటే. శుభలేఖలో అప్పల్సామి వారనే వేయించండి, గోత్రం తెలియకపోతే కాశ్యప గోత్రం చెప్పే ఆనవాయితీ ఎటూ ఉంది, పురోహితుణ్ణి అడగండి.