స్పిట్జ్ కుక్కకు గేదెల గోమార్ల మందు రాయొచ్చా?

ప్రశ్న: మా ఇంట్లో మూడేళ్ల తెల్ల పామేరియన్ కుక్క ఉంది. బరువు 9 కిలోలు. మేం తినే కూరన్నమే పెడతాం, పాలు, బిస్కెట్లు కూడా ఇస్తాం. ఈ మధ్య ఒకటే గోక్కుంటోంది. బొచ్చు ఊడుతోంది, చెవుల్లో గోమార్లు ఉన్నాయి. గేదెలకు వాడే మందు రాయొచ్చా? ఎండలు కదా, బొచ్చు మొత్తం తీయించాలా?
– ఒక పాడి రైతు, జగిత్యాల జిల్లా

జవాబు: గేదెల మందు మాత్రం దాని ఒంటికి తగలనివ్వకండి. 400 కిలోల పశువు కోసం తయారైన మందును అంచనాగా పూస్తే ఈ చిన్న ప్రాణానికి విషమవుతుంది. పైగా కుక్క ఒళ్లు నాక్కుంటుంది. మందు లోపలికి పోతే చొంగ కారుతుంది, వణుకు, ఫిట్స్ కూడా రావచ్చు. ఇప్పటికే రాసి ఉంటే సీసా చేత్తో పట్టుకుని వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కుక్కలకు మెడ మీద వేసే చుక్కల మందు, నమిలి మింగే బిళ్లలు ఉన్నాయి. బరువు చూసి డాక్టరే రాస్తారు. గతంలో ఫిట్స్ వచ్చి ఉంటే ఆ మాట ముందే చెప్పండి.

కాలివేళ్ల సందులు, చంకలు, తోక కింద, మెడపట్టీ కింద కూడా వెతకండి. కనిపించిన గోమారిని చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగండి. కిరోసిన్ పూయడం, వేళ్లతో నలపడం వద్దు. ఇవి గోడ పగుళ్లలో వేలకొద్దీ గుడ్లు పెడతాయి కాబట్టి కుక్క పడుకునే చోటు, ఆ చుట్టుపక్కల పగుళ్లు శుభ్రం చేయకపోతే నెల తిరక్కుండానే మళ్లీ ఎక్కుతాయి. తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కులోంచి రక్తం వచ్చినా గోమార్ల జ్వరమని అనుమానించి రక్తపరీక్ష చేయించాలి.

ఇక తిండి. మన ఇళ్లలో పామేరియన్ అనేవి ఎక్కువగా ఇండియన్ స్పిట్జ్‌లే. చిన్న రకమైతే 5–7 కిలోలు ఉండాలి, అంటే మీది లావెక్కినట్టే. చేత్తో తడిమితే పక్కటెముకలు తెలియాలి. కూరన్నంలోని ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ అస్సలు పెట్టొద్దు. బిస్కెట్లు ఆపేయండి, పాలకు బదులు చెంచాడు పెరుగు చాలు. రోజు మొత్తానికి వండిన అన్నం 150 గ్రాములు, ఉప్పుకారాలు లేకుండా ఉడికించిన ఎముకల్లేని చికెన్ 75 గ్రాములు, కాస్త క్యారెట్ లేదా సొరకాయ కలిపి రెండు పూటలుగా పెట్టండి. చికెన్ లేని రోజు రెండు ఉడికించిన గుడ్లు సరిపోతాయి. ఉడికిన కోడి ఎముకలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి, ముద్దుగా అడిగినా వేయకండి. ఇంటి తిండిలో కాల్షియం చాలదు, అది ఎంత ఇవ్వాలో డాక్టర్‌ని అడగండి.

గుండు కొట్టించొద్దు. బొచ్చులోని లోపలి మెత్తటి పొర, పైపొర కలిసి దానికి ఎండ నుంచి కాపు. ఒకసారి మొదలంటా తీస్తే కొన్నిటికి మళ్లీ సరిగా రాదు. వారానికి మూడుసార్లు దువ్వి, నెలకోసారి స్నానం చేయించి, అడుగు బొచ్చు దాకా ఆరబెట్టండి. తడి మిగిలితే అక్కడే దురద మొదలవుతుంది.

ఏడాదికోసారి రేబిస్ టీకా, మూడు నెలలకోసారి నట్టల మందు వేయించండి. నడకకు ఉదయం ఏడు లోపు, సాయంత్రం ఆరు తర్వాతే తీసుకెళ్లండి.