ఎకోలో కనిపించే వేరియబుల్ స్క్రిప్ట్‌కి ఎందుకు అందట్లేదంటే

తమ్ముడూ, టెర్మినల్‌లో జావా హోమ్ అనే వేరియబుల్‌కి విలువ ఇచ్చాను, ఎకో కమాండ్‌తో చూస్తే కనిపిస్తోంది, స్క్రిప్ట్‌లో మాత్రం ఖాళీగా వస్తోంది అన్నావు కదా. ఆ లైను మొదట్లో ఎక్స్‌పోర్ట్ అని రాయలేదు నువ్వు. అది లేకపోతే విలువ ఆ షెల్ (నువ్వు టైప్ చేసే కమాండ్లని నడిపే ప్రోగ్రాం) దగ్గరే ఆగిపోతుంది, అందులోంచి నడిపే ప్రోగ్రాములకి చేరదు. ఎకోని నమ్మకు, ప్రింట్‌ఎన్వ్ కమాండ్‌తో చూడు: ఎక్స్‌పోర్ట్ అయినవే కనిపిస్తాయి. ఈక్వల్ గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వదలకు.

టెర్మినల్ మూస్తే ఇదీ పోతుంది. అదే లైను హోమ్ ఫోల్డర్‌లోని డాట్ బ్యాష్‌ఆర్‌సీ ఫైల్ చివర రాసి, సోర్స్ కమాండ్‌తో ఆ ఫైల్‌ని మళ్ళీ చదివించు. పాత్ (కమాండ్లని ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే వేరియబుల్) మార్చేటప్పుడు మాత్రం పాత విలువని తప్పకుండా కలుపు. బెంగళూరు మారతహళ్ళి పీజీలో మా రూమ్మేట్ అది మర్చిపోయి, ఫైళ్ళ జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్ కూడా పనిచెయ్యక రాత్రంతా అవస్థపడ్డాడు. అడ్మిన్ హక్కులతో నడిపే సుడోతో స్క్రిప్ట్‌ని నడిపితే చాలా వేరియబుల్స్ రావు, అదీ చూసుకో.