లాచ్ వేశాక కార్డ్ మారిస్తే పాత నోట్ ఎందుకు పోదు?

సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డ్)లో ఆర్పెజియో అంటే కార్డ్‌ని, అంటే కలిపి నొక్కిన నోట్స్‌ని, ఒకదాని తర్వాత ఒకటిగా తిప్పి వాయించడం. లాచ్ అంటే చెయ్యి తీసినా దాన్ని నడిపించే బటన్. ఆ లాచ్ ఆన్ చేసి సి మేజర్ నుంచి ఎ మైనర్‌కి వెళ్తే ఆర్పెజియోలో ‘జి’ ఇంకా మోగుతూనే ఉంది, కీబోర్డ్ పాడైందా అని అడిగారు కదా. పాడవలేదండీ. నేనూ మొదట్లో అలాగే అనుకుని రెండుసార్లు ఫ్యాక్టరీ రీసెట్ కూడా చేశాను. చివరికి తేలిందేమిటంటే, తప్పు నా వేళ్లది.

సి మేజర్ అంటే సి, ఇ, జి. ఎ మైనర్ అంటే ఎ, సి, ఇ. పియానో అలవాటున్నవాళ్లం ఏం చేస్తాం? రెండింటిలోనూ ఉన్న సి, ఇ మీద వేళ్లు అలాగే ఉంచి, జి మీది వేలొక్కటే ఎ మీదికి జరుపుతాం. మామూలుగా అది మంచి అలవాటే. లాచ్ దగ్గర మాత్రం అదే కొంప ముంచుతుంది. చాలా సింథ్‌లలో ఒక్క కీ అయినా నొక్కి ఉన్నంతసేపూ కొత్తగా నొక్కినవన్నీ ఆర్పెజియో వాయించే నోట్స్ పాత జాబితాకే చేరతాయి. అన్ని కీలూ పైకి లేచాక నొక్కే మొదటి కీతోనే కొత్త జాబితా మొదలవుతుంది. కాబట్టి మీకు వినిపిస్తున్నది ఎ మైనర్ కాదు, సి, ఇ, జి, ఎ నాలుగూ కలిసిన సి సిక్స్త్ అనే కార్డ్. పైగా మూడు నోట్స్ కాస్తా నాలుగయ్యేసరికి రిథమ్ కూడా మారిపోయినట్టుంటుంది.

మందు సింపుల్: కార్డ్ మారే ముందు చెయ్యి పూర్తిగా ఎత్తేయండి. మధ్యలో ఖాళీ వస్తుందేమోనని టెన్షన్ అక్కర్లేదు, పాత ఆర్పెజియో తన పాటికి తాను నడుస్తూనే ఉంటుంది. నేనైతే ఒక బీట్ ముందే ఎత్తేస్తాను. జాగ్రత్తంతా కొత్త కార్డ్ వేసేటప్పుడే. 120 టెంపోలో (నిమిషానికి 120 బీట్లు) పదహారో నోట్, అంటే బీట్‌లో నాలుగో వంతు, ఒక్కోటి 125 మిల్లీసెకన్లు. ఒక వేలు అంతకంటే ముందు పడిందా, ఆ ఒక్క నోటే ఓ స్టెప్పు మోగి మన తొందరని బయటపెడుతుంది. వేళ్లన్నీ ఒకేసారి దించడం నాకు అలవాటు కావడానికి ఓ వారం పట్టింది.

నిజానికి ఈ ‘పాత నోట్ పోకపోవడం’ నాకిప్పుడు బాగా ఇష్టం. చిటికెన వేలు కింద ఒక సి పట్టుకుని, నాలుగు బార్లకొకటి (బార్ అంటే సాధారణంగా నాలుగు బీట్లు) చొప్పున జి, ఆ తర్వాత పై ఇ, దాని మీద బి కలుపుతూ పోతాను. ఒక్క నోట్‌తో మొదలైంది నెమ్మదిగా విచ్చుకుంటుంది. లాజిక్ ప్రో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లోని ఆర్పెజియేటర్‌లో దీనికోసం యాడ్ అని వేరే లాచ్ మోడ్ ఉంది. రీసెట్, ట్రాన్స్‌పోజ్ లాంటివీ ఉన్నాయి. హార్డ్‌వేర్‌లో సాధారణంగా ఒకటే బటన్, పేరు మాత్రం కంపెనీని బట్టి మారుతుంది: కొర్గ్ పాలీసిక్స్ మీద లాచ్, రోలాండ్ జూనో-60 మీద హోల్డ్.

సస్టెయిన్ పెడల్ (కాలితో తొక్కితే నోట్స్‌ని పట్టి ఉంచేది) కూడా లాచ్ లాంటిదేనా అని అడిగారు. సింథ్‌ని బట్టి ఉంటుంది. నా దాంట్లో పెడల్ తొక్కి ఉన్నంతసేపూ చెయ్యి ఎత్తినా జాబితా ఖాళీ కాదు, నోట్స్ చేరుతూనే పోతాయి. అందుకే కార్డ్‌లు మార్చడానికి బటన్, పోగు చెయ్యడానికి పెడల్ వాడతాను. అన్నట్టు, పెడల్ మీద కాలు పెట్టి కీబోర్డ్ ఆన్ చెయ్యకండి. చాలా కీబోర్డ్‌లు ఆన్ అయ్యేటప్పుడే పెడల్ ఏ దిశలో పనిచేస్తుందో చూసుకుంటాయి. ఆ క్షణంలో తొక్కి ఉంటే అంతా తిరగబడుతుంది. కాలు తీస్తే పట్టుకుంటుంది, తొక్కితే వదిలేస్తుంది.

ఇక ఆపడం సంగతి. ఒకసారి స్టేజీ మీద పాట అయిపోయి చప్పట్లు పడుతున్నా నా ఆర్పెజియో ఆగలేదు. కంగారులో వాల్యూమ్ సున్నా చేశాను, తర్వాతి పాటకి దాన్ని పెంచగానే మళ్లీ అదే. అప్పట్నుంచీ చివరి కార్డ్ వేశాక చెయ్యి ఎత్తను. అలాగే పట్టుకుని, రెండో చేత్తో లాచ్ ఆఫ్ చేస్తాను. కీలు నొక్కే ఉన్నాయి కాబట్టి మోత ఆగదు. ఆఖరి బార్ మొదటి బీట్ మీద చెయ్యి తీస్తాను, అక్కడికక్కడే ఆగిపోతుంది.