సిన్స్, ఫర్ కలిసిపోతుంటే తెలుగులో ‘గా’ పెట్టి చూడండి

“‘నుంచి’ అని వచ్చినచోట ఇంగ్లీషులో సిన్స్ రాయాలా, ఫర్ రాయాలా? ఎన్నిసార్లు చదివినా కలిసిపోతున్నాయి” అని అడిగారు. 2019లో దెబ్బ తినేదాకా నాకూ అంతే.

మాది ఒడిశాలో పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే అటు పాతపట్నం, ఆంధ్రా. మేం 2003లో అట్నుంచి ఇటొచ్చి కిరాణా కొట్టు పెట్టుకున్నాం. 2019లో అమ్మాయి స్కాలర్‌షిప్‌కి రెసిడెంట్ సర్టిఫికెట్ కావాల్సొచ్చింది. అర్జీలో ‘లివింగ్ హియర్ సిన్స్ 16 ఇయర్స్’ అని రాశాను. గడి ఇరుకు. ‘సిన్స్ 16’ దగ్గర వరస అయిపోయింది, ‘ఇయర్స్’ కింద గీత మీద పడి అలుక్కుపోయింది. ఆఫీసులో అర్జీ వివరాలు ఎక్కించినాయన దాన్ని 2016 నుంచి అనుకున్నాడు. మూడేళ్లే కదా ఉంటున్నారని అర్జీ తిప్పి పంపేశారు. పిల్ల 2004లో ఈ ఊళ్లోనే పుట్టింది! మూడు వారాలు తిరిగాను. కొట్టు మూసుకుని, ఆ ఆఫీసు వరండాలో నిలబడి.

చివరికి అక్కడి గుమాస్తా కాయితం నా ముందు పెట్టి ఒడియాలో అడిగాడు: “కేతే బర్ష ధరి, నా కేబే ఠారు?” ఎన్నేళ్లుగా, లేక ఎప్పట్నుంచి? అక్కడే నాకు తెలిసొచ్చింది. ఒడియాలో ఎంతకాలమో చెప్పే ‘ధరి’ వేరు, ఎప్పుడు మొదలైందో చెప్పే ‘ఠారు’ వేరు. ఇంగ్లీషులో మొదటిదానికి ఫర్, రెండోదానికి సిన్స్. మనం మాత్రం ‘పదహారేళ్ల నుంచి’ అంటాం, ‘2003 నుంచి’ అనీ అంటాం. అందుకే రెండిటికీ సిన్స్ వచ్చేస్తుంది.

కానీ మనకి ‘గా’ ఉంది. పదహారేళ్లుగా, మూడు రోజులుగా, చాలాకాలంగా: ‘గా’ అతికితే ఫర్. ‘2003గా’, ‘సోమవారంగా’ అని ఈ అర్థంలో ఎవరూ అనరు, అక్కడ సిన్స్. ‘పెళ్లయినప్పటి నుంచి’ కూడా సిన్సే.

ఇక్కడ మన పిల్లలు కొనే గైడ్లు హిందీలో వివరిస్తాయి. హిందీలోనూ ‘దో సాల్ సే’, ‘సోమ్‌వార్ సే’, రెండిటికీ ఒకటే ‘సే’. దాంతో ఏం తెలుస్తుంది? తెలుగు బడులు తగ్గిపోయి, మన పిల్లలకి ఇంగ్లీషుని తెలుగులో విడమరిచి చెప్పేవాళ్లే లేకుండా పోయారు. నాకు అన్నిటికంటే బాధ ఇదే.

ఇంకోటి, ‘ఉంటున్నాం’ అని మనసులో అనుకుని ‘ఆర్ లివింగ్’ రాసేస్తాం. అదీ తప్పే. రెండో అర్జీలో ‘వి హావ్ బీన్ లివింగ్ హియర్ సిన్స్ 2003’ అని పెద్దక్షరాల్లో, ఒకే వరసలో పట్టేలా రాసిచ్చాను.