ఎండలో పని చేయించబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నిన్ను సూపర్‌వైజరుగా వేశారని తెలిసి సంతోషించాను. కానీ ఎండలు ముదిరే రోజుల్లోనే ఆ బాధ్యత నీ మీద పడింది కనుక, ఇన్నేళ్లు మనుషుల చేత బయట పని చేయించినవాడిగా నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

దాహమైతే అడుగుతారులే, కళ్లు తిరిగితే కూర్చుంటారులే అని ఎన్నడూ అనుకోకు. వాళ్లు అడగరు. కూలి కోస్తారేమోనని, చేతకానివాడంటారేమోనని ఓర్చుకుంటారు. చేసిన పనినిబట్టి డబ్బిచ్చే చోటయితే తమంతట తాము విరామమే తీసుకోరు. అందుచేత నీళ్లూ నీడా వాళ్లు అడిగి తీసుకునేవిగా కాక, వేళకు నువ్వే అందరికీ కలిపి అమలు చేసేవిగా ఉండాలి, ఆ విరామానికి కూలి తెగకూడదు.

నీళ్లు పని జరిగే చోటికే రావాలి. ప్రతి 15, 20 నిమిషాలకు పావు లీటరు చొప్పున తాగించు. ఒక్కసారిగా కడుపు నిండా తాగడంకంటే అదే మేలు. అలాగని గంటకు లీటరున్నర దాకా పోనివ్వకు, రక్తంలో ఉప్పు పలచబడి అది వేరే ప్రమాదమవుతుంది. గంటల తరబడి చెమట కారే పనికి మధ్యలో ఓఆర్ఎస్ కూడా ఇప్పించు.

ఉష్ణోగ్రత అంకె ఒక్కటే చూసి ధైర్యపడకు. ఆ అంకె నీడలో కొలిచినది. నీ మనుషులు నిలబడేది కాలిన ఇనుము పక్కన. పైగా చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరినప్పుడే చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువై ఉక్కపోసే రోజున చెమట ఆరదు కనుక, అంకె తక్కువగా కనిపించినా ముప్పు ఎక్కువే. తేమ, గాలి, ఎండ తాకిడి మూడింటినీ కలిపి కొలిచే డబ్ల్యూబీజీటీ మీటరు కొనిపించగలిగితే విరామాలను దాని ప్రకారం నిర్ణయించు.

అన్నిటికన్నా ముఖ్యమైనది కొత్తవాళ్ల సంగతి. బయట పని చేస్తూ ఎండదెబ్బకు చనిపోయేవారిలో ఎక్కువమంది పనిలో చేరిన తొలి రోజుల్లోనే పోతారు. వేడికి అలవాటు పడేకొద్దీ శరీరం త్వరగా, ధారాళంగా చెమట పోస్తుంది, ఆ చెమటలో ఉప్పు తక్కువగా పోతుంది, గుండె మీద భారం తగ్గుతుంది. అందుకు ఒకటి రెండు వారాలు పడుతుంది. కాబట్టి కొత్తవాడికి తొలిరోజు వేడిలో అయిదో వంతు పనే ఇచ్చి, రోజుకు మరో అయిదో వంతు పెంచుతూ పో. అలవాటున్నవాడే సెలవు తర్వాత తిరిగి వస్తే తొలిరోజు సగం, తర్వాత 60, 80 శాతం, నాలుగో రోజుకు పూర్తి పని ఇవ్వవచ్చు.

నేనది పాటించని రోజు ఒకటుంది. జ్వరంతో పది రోజులు పడుకుని లేచిన ఒక పనిమంతుణ్ణి, పాతవాడే కదా అని, పొద్దున్నే పూర్తి పనిలో దించాను. మధ్యాహ్నం స్పానరు అందించమంటే ఖాళీ నీళ్ల సీసా అందించాడు. మళ్లీ అడిగితే ఏదో ముద్దముద్దగా పలికి, హెల్మెట్ పట్టీ విప్పబోయి, వేళ్లు ఆడక అలాగే నిలబడ్డాడు. ఒళ్లంతా చెమట పోస్తోంది కదా, ఎండదెబ్బ అయి ఉండదనుకున్నాను. అది నా తప్పు. కష్టపడి పని చేస్తూ ఎండదెబ్బ తిన్నవాడికి చెమట ఆగకపోవచ్చు. మాట తడబడడం, తికమక పడడమే అసలు గుర్తు. ఆపైన అతని ఒంటి మీద నీళ్లు పోసి చల్లబరచకుండా బండి కోసం పరుగెత్తాను. అతను బతికాడు, కానీ ఆ పావుగంట ఈనాటికీ నన్ను వదలలేదు.

నువ్వలా చేయకు. అంబులెన్సుకు ఒకరి చేత ఫోను చేయించి, అది వచ్చేలోగా మనిషిని నీడకు చేర్చి, బరువైన బట్టలు తీసి, ఒళ్లంతా చన్నీళ్లతో తడుపుతూ గాలి విసురు. తొట్టి ఉంటే తల పైకి పట్టుకుని అందులోనే కూర్చోబెట్టు. మంచు ఉంటే మెడకూ చంకలకూ పెట్టు. స్పృహ సరిగా లేనివాడి నోట్లో మాత్రం నీళ్లు పోయకు. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే తరలించాలి.

రేపు పని మొదలుపెట్టే ముందు హాజరు పుస్తకం తీసి, వారంగా రానివారెవరో, కొత్తగా చేరినవారెవరో, రక్తపోటు మాత్రలు వేసుకునేవారెవరో విడిగా రాసుకో. వాళ్లలో ఒక్కొక్కరికీ ఒక పాతవాణ్ణి జోడీగా వేసి, పక్కవాడి మాట తేడాగా వినిపిస్తే నిన్ను అడగకుండానే పని ఆపే హక్కు అతనికి ఉందని అందరి ముందూ చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే మామయ్య