ఎండకు ఇంజన్ ఆయిల్ నీళ్లవుతుందా?

ప్రశ్న: నా బైకు బుక్కులో 10డబ్ల్యూ-30 ఆయిల్ పోయమని ఉంది. మా మెకానిక్ మాత్రం "నల్గొండ ఎండలకు అది నీళ్ల లెక్క అయితది, 20డబ్ల్యూ-50 పోద్దాం, చిక్కగుంటే ఇంజన్‌కు బలం" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకుడు, నకిరేకల్

జవాబు: బుక్కు మాట వినండి. బయట ఎండ 44 డిగ్రీలున్నా, చలికాలం 20 ఉన్నా, బండి నడుస్తుంటే లోపల ఆయిల్ అంతకంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది, ఆ లెక్క చూసుకునే కంపెనీవాళ్లు గ్రేడు రాస్తారు. డబ్బా మీద రెండో అంకె చెప్పేది 100 డిగ్రీల దగ్గర చిక్కదనమే. చిక్కదనాన్ని సెంటీస్టోక్స్‌లో కొలుస్తారు, 30 గ్రేడంటే అక్కడ 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య, 50 అయితే 16.3 నుంచి 21.9 మధ్య. మామూలు నీళ్లు 20 డిగ్రీల దగ్గర ఒక్క సెంటీస్టోక్, అంటే అంత వేడిలోనూ మీ ఆయిల్ ఈ నీళ్లకంటే తొమ్మిది రెట్లకు పైగా చిక్కనే. ఇక డబ్ల్యూ పక్కన అంకె చలి కోసం. 10డబ్ల్యూను మైనస్ 25 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు, నకిరేకల్‌లో దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

చిక్కగా ఉంటే బలం అనేది సగం నిజం. 1883లో ఇంగ్లండ్‌లో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగ్ మీద ప్రయోగాలు చేస్తూ ఆయిల్ పోయడానికి పైన రంధ్రం పెడితే, ఇరుసు తిరిగేకొద్దీ ఆయిల్ అందులోంచే పైకి తన్నుకొచ్చింది, చెక్క బిరడా బిగించినా తోసేసింది. తిరిగే ఇరుసు ఆయిల్‌ను ఇరుకు సందులోకి లాక్కుపోయి ఒత్తిడి పుట్టిస్తుందని, ఇనుమును ఇనుముకు తగలకుండా ఎత్తిపట్టేది ఆ ఒత్తిడేనని 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ లెక్కకట్టి చూపాడు. చిక్కదనం, వేగం, సందు, మూడూ కుదరాలి. అవసరానికి మించి చిక్కనైతే పొద్దున స్టార్ట్ చేయగానే పైదాకా ఆలస్యంగా చేరుతుంది, ఆయిల్‌ను చిలకడానికే పెట్రోలు ఖర్చవుతుంది, ఆ చిలకడంలోనూ వేడి పుడుతుంది. బాగా అరిగి ఆయిల్ తాగుతున్న పాత ఇంజనైతే ఒక మెట్టు పెంచమనే మెకానిక్‌ను నేను తప్పుపట్టను, కొత్త బండికి మాత్రం వద్దు. గ్రేడు కంటే నాకు భయం కారు ఆయిల్ మిగిలింది కదా అని బైకులో పోసేవాళ్లతో, ఎందుకంటే చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి, జారిపోతాయి. డబ్బా మీద జాసో ఎంఏ అని, అంటే ఇలా ఆయిల్‌లో మునిగే క్లచ్‌కు పనికొస్తుందని చెప్పే జపాన్ ప్రమాణం గుర్తు, ఉందో లేదో చూడండి.

ప్రశ్న: ట్రాక్టర్‌లో కొత్త ఆయిల్ పోసి నాలుగు రోజులు దమ్ము చేసేసరికి నల్లబడింది. కల్తీదా?
- ఒక రైతు, మిర్యాలగూడ

జవాబు: నలుపు చూసి కల్తీ అనలేం. డీజిల్ మసిని గడ్డకట్టకుండా తనలో కలుపుకోవడానికే అందులో మందులు కలుపుతారు, నల్లబడిందంటే ఆ పని జరుగుతోందని. మార్చే టైము రంగుతో కాదు, అవర్ మీటర్‌తో చూసుకోండి. పాలలా తెల్లగా మారితే మాత్రం నీళ్లు కలిశాయి, వెంటనే బండి ఆపండి.

ప్రశ్న: బోరు మోటారులో ఆయిల్ బదులు నీళ్లు నింపి దించుతున్నారు, బేరింగ్ ఎట్లా ఆగుతుంది?
- ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: పైన చెప్పిన రేనాల్డ్స్ లెక్కే. నీళ్లు పలచన కాబట్టి బరువు మోసే పలకలను వెడల్పుగా, కొద్దిగా వాలేట్టు పెడతారు, నిమిషానికి 2,800కు పైగా చుట్లు తిరుగుతుంటే ఆ పలచని పొరే పంపు బరువును మోస్తుంది. లీకైనా తాగేనీళ్లలో ఆయిల్ కలవదు. ఆయిల్ నింపే మోటార్లూ ఉన్నాయి కానీ, సీలు పోతే ఆ ఆయిల్ నీళ్లలోకే వస్తుంది. దించేముందు మంచినీళ్లతో నిండుగా, గాలి బుడగలు పోయేదాకా నింపించండి. చుట్టూ బోరు నీళ్లు పారితేనే మోటారు చల్లబడుతుంది, అందుకే ఎండాకాలం బోరు ఆగి ఆగి పోస్తుంటే ఆటో స్టార్టర్ తీసేయండి, నీళ్లున్నాయో లేవో దానికి తెలియదు, కరెంటు రాగానే ఆన్ చేసేస్తుంది.