ఇంకా తెరవని బడికి మూడేళ్ల ఫీజు ముందే కట్టాలా?

హన్మకొండ నుంచి ఒక తల్లి అడిగారు, కాస్త కుదించి పెడుతున్నా. "పాపకి యూకేజీ అయిపోతోంది సార్, జూన్‌లో ఒకటో తరగతి. ఊరి బయట తోటలో కొత్తగా ఒక ఆల్టర్నేటివ్ స్కూల్ పెడుతున్నారు, ఐదో తరగతి దాకా. హోంవర్క్ ఉండదట, పరీక్షలుండవట, 1 నుంచి 3 తరగతుల పిల్లలంతా ఒకే రూంలో కూర్చుంటారట. ఏడాదికి 95 వేలు, మూడేళ్లది ఇప్పుడే కట్టేస్తే 2,40,000కి ఇస్తామంటున్నారు. పర్మిషన్‌కి అప్లై చేశాం, వచ్చేస్తుంది అన్నారు. మావారేమో ఐఐటీ ఫౌండేషన్ ఉన్న పెద్ద స్కూల్ బ్రాంచ్‌లో వేద్దామంటారు. మా అత్తయ్య, ఆడుకోడానికి లక్ష రూపాయలా అని రోజూ అంటున్నారు. ఇప్పుడు చదివే మా వీధి చివరి స్కూల్లో కూడా ఐదు దాకా ఉంది, మామూలు స్కూలే, కానీ పాపకి అక్కడి టీచరంటే ప్రాణం. పాప కెరీర్‌కి ఏది మంచిది?"

అమ్మా, ముందు మీవారి సంగతి తేల్చేద్దాం, అది చిన్నది కాబట్టి. జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసి ఐఐటీలో సీటు తెచ్చుకునే పిల్లవాణ్ని అడిగేది ఇంటర్‌లో 75 శాతమో, బోర్డులో టాప్ 20 పర్సెంటైలో ఉందా అని. ఒకటో తరగతి ఎక్కడ చదివావని ఎవరూ అడగరు. ఆరేళ్ల పిల్లకి ఐఐటీ ఫౌండేషన్ అంటే పుస్తకం అట్ట మీద రాకెట్ బొమ్మ, లోపల మామూలు కూడికలు, ఫీజులో ఓ పదివేలు ఎక్కువ, అంతే. నేను పదహారేళ్లుగా ఇంటర్ పిల్లలకి కౌన్సెలింగ్ చేస్తున్నా, నా దగ్గరికి వచ్చి ఏడ్చే పిల్లల్లో ఒకటో తరగతిలో ఫౌండేషన్ లేక ఏడ్చినవాళ్లు ఒక్కరూ లేరు, ఆరో తరగతి నుంచే విసిగిపోయి వచ్చినవాళ్లు మాత్రం బోలెడు మంది. కాబట్టి ఆ బ్రాంచ్ సంగతి పక్కన పెట్టేయండి. నిజమైన పోటీ తోటలో బడికీ మీ వీధి చివరి బడికీ మధ్యనే.

ఇప్పుడు తోటలో బడి. చాలామంది పేరెంట్స్ ఇక్కడ పద్ధతి మంచిదా కాదా అని మొదలుపెడతారు, ఆటపాటలతో నేర్పే పద్ధతుల్లో ఇది మాంటిస్సోరీనా వాల్డార్ఫా అని యూట్యూబ్‌లో రాత్రంతా చూస్తారు. పద్ధతి గురించి నాకు పెద్ద బెంగ లేదండీ. మొదటి పద్ధతి పెట్టిన మాంటిస్సోరీ గారు స్వయంగా 1939లో మద్రాసు వచ్చి అడయార్‌లో టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చారు, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. వాల్డార్ఫ్ బళ్లు హైదరాబాద్‌లో 1990ల చివర నుంచీ నడుస్తున్నాయి. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ సంగతి మీకు చెప్పక్కర్లేదు. కొత్త పిచ్చి ఏమీ కాదు, ఎప్పట్నుంచో నలిగిన దారే.

తరగతులు కలిపి కూర్చోబెట్టడం గురించి మీ అత్తయ్యగారు భయపడుతున్నారేమో, ఆవిడకి ఇది చెప్పండి: రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో చిన్నచిన్న బళ్లు పెట్టి, ఒకే టీచర్ ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలకీ చెప్పేలా కార్డులు తయారుచేశారు, పిల్లలు గోడ మీద నిచ్చెనలా గీసిన పట్టిక చూసుకుని ఎవరి మెట్టు దగ్గర వాళ్లు కార్డు తీసుకుని పని చేసుకుంటారు. తమిళనాడు సర్కారు బళ్లలో వచ్చిన యాక్టివిటీ పద్ధతికి మూలం కూడా అదే. ఆ కార్డులు, ఆ మెట్లు, ఎవరెక్కడున్నారో రాసుకునే రికార్డు ఉంటే కలిపి కూర్చోబెట్టడం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అవేమీ లేకుండా ఊరికే కలిపి కూర్చోబెడితే అది టీచర్ జీతం మిగుల్చుకోవడం. మన పల్లెల్లో ఏకోపాధ్యాయ బడి కూడా అచ్చం అలాగే ఉంటుంది, దానికి లక్ష అడగరు.

మాంటిస్సోరీ అనే పేరుకి యజమాని ఎవరూ లేరని కూడా గుర్తుపెట్టుకోండి, రేపు మీరూ నేనూ కూడా ఆ బోర్డు పెట్టుకోవచ్చు. ఇంకో మెలిక ఉంది, చాలామందికి తెలీదు. 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకి చెప్పే డిప్లొమా వేరు, 6 నుంచి 12 ఏళ్ల వాళ్లకి చెప్పేది వేరు. టీచర్లు ట్రెయిన్డ్ అని చెప్తే, ఏ వయసుకి ట్రెయిన్డ్ అని అడగండి. మొదటిది మాత్రమే చేసినవాళ్లు ఒకటి రెండు తరగతుల దాకా బాగానే లాగుతారు, మూడో తరగతి లెక్కల దగ్గర చేతులెత్తేసి బజార్లో గైడ్ కొని పిల్లలకిస్తారు, కళ్లారా చూశా.

నా అసలు బెంగ వేరే. మీరు రాసిన ఉత్తరంలో అన్నిటికన్నా చిన్న వాక్యం "పర్మిషన్‌కి అప్లై చేశాం, వచ్చేస్తుంది". ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పర్మిషన్ రాకముందే మూడేళ్ల ఫీజు ఏంటి అసలు? విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, అందులో 18వ సెక్షన్ ప్రకారం గుర్తింపు లేకుండా బడి నడపకూడదు, నడిపితే లక్ష దాకా జరిమానా, ఆ తర్వాత కూడా నడిపితే రోజుకి పదివేల దాకా. ఇది వాళ్ల నెత్తి మీది సమస్య, మనకేంటి అనుకోకండి, మన పాప కాగితాలు దాని మీదే ఆధారపడతాయి.

ఎలాగంటే. పాప ఐదో తరగతిలో ఉండగా మామునూరు నవోదయ ఎంట్రన్స్ రాయించాలని మీకు అనిపించిందనుకోండి (చాలామందికి అప్పుడే అనిపిస్తుంది, నాలుగో తరగతి దాకా మార్కులొద్దు అన్నవాళ్లకి కూడా), దానికి 3, 4, 5 తరగతులు సర్కారు బడిలోనో గుర్తింపు ఉన్న బడిలోనో పూర్తిగా చదివుండాలి. గుర్తింపు లేని బడి అయితే పాప ఎంత తెలివైనదైనా అప్లికేషన్ దగ్గరే ఆగిపోతుంది.

ఇంకోటి, ఇది తెలంగాణ వాళ్లకి స్పెషల్. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఇక్కడ సర్కారు ఉద్యోగాలకి లోకల్ ఎవరు అన్నది 1 నుంచి 7 తరగతులు ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి, అందులో కనీసం నాలుగేళ్లు ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా లోకల్. పోస్టుల్లో 95 శాతం లోకల్ వాళ్లకే. అంటే పాపకి ఇరవై రెండేళ్లు వచ్చి గ్రూప్స్‌కి అప్లై చేసే రోజున, ఒకటో తరగతి బోనఫైడ్ ఏది అని అడుగుతారు. మీరు కెరీర్ అని అడిగారు కదా, ఒకటో తరగతికీ కెరీర్‌కీ నాకు తెలిసిన గట్టి సంబంధం ఇదొక్కటే! మా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి చిన్నప్పుడు చదివిన ప్రైవేట్ బడి ఎప్పుడో మూతపడింది, రిజిస్టర్లు ఎవరి దగ్గరున్నాయో తెలీదు, నోటిఫికేషన్ వచ్చాక మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసు చుట్టూ నెల రోజులు తిరిగాడు. బోనఫైడ్ లేనివాళ్లకి తహసీల్దార్ ఇచ్చే నివాస సర్టిఫికెట్ లాంటి దారులున్నాయి కానీ ఆ తిరుగుడు ఎవరికి కావాలి చెప్పండి.

కొంతమంది బడివాళ్లు దీనికి రెడీగా ఒక జవాబు పెట్టుకుంటారు, గుర్తింపు అక్కర్లేదండీ తర్వాత ఎన్‌ఐఓఎస్ రాయిస్తాం అని (కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్ బోర్డు అది). అబద్ధమేం కాదు, 14 ఏళ్లు నిండాక ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతి రాయొచ్చు, అది మిగతా బోర్డులతో సమానమే, దాంతో ఇంజనీరింగ్ దాకా వెళ్లినవాళ్లున్నారు. కానీ అది మీరు తెలిసి ఎంచుకోవాల్సిన దారి, పర్మిషన్ రానందుకు మీ నెత్తిన పడాల్సింది కాదు.

కాబట్టి వాళ్లని మొహమాటం లేకుండా అడగండి, జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆఫీస్ నుంచి వచ్చిన ఉత్తర్వు కాపీ చూపించమని, దాని మీద ఏ తరగతి నుంచి ఏ తరగతి దాకా, ఏ అడ్రస్‌కి, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు ఇచ్చారో చదవండి. కొత్త బళ్లకి మొదట తాత్కాలికంగానే ఇస్తారు, అది తప్పేం కాదు. యూడైస్ కోడ్, అంటే ప్రతి బడికీ సర్కారు ఇచ్చే నంబర్, వచ్చిందా అడగండి, పదకొండు అంకెలుంటుంది, అది లేకపోతే పాప వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కవు, రేపు వేరే బడికి మారేటప్పుడు తలనొప్పి. తోటలో షెడ్లు అంటున్నారు, బిల్డింగ్ గట్టిదని ఇంజనీర్ ఇచ్చిన సర్టిఫికెట్, ఫైర్ ఎన్‌ఓసీ కూడా అడగండి. పామో తేలో అని అత్తయ్యగారు అంటే నవ్వకండి, తోటలో బడికి అది సరైన ప్రశ్నే. ఇవన్నీ అడిగితే "మీకు మా ఫిలాసఫీ మీద నమ్మకం లేదు" అని మొహం మాడ్చుకునేవాళ్లుంటారు, మంచి బడివాళ్లయితే ఫైల్ తెచ్చి బల్ల మీద పెడతారు.

అన్నట్టు, పేరెంట్స్‌కి ఇంటర్వ్యూ పెట్టారా? ఈ టైపు బళ్లలో ఇది ఫ్యాషన్, మీరు మా ఆలోచనలకి సరిపోతారా అని గంటసేపు ప్రశ్నలు. బడి గురించి చెప్పుకోవడం మంచిదే, కానీ సీటు ఇవ్వాలా వద్దా తేల్చడానికి పిల్లల్ని గానీ తల్లిదండ్రుల్ని గానీ వడపోత పెట్టకూడదని అదే చట్టంలో 13వ సెక్షన్ చెప్తోంది, మొదటిసారికి 25 వేల దాకా ఫైన్. కేసు పెట్టమనడం లేదు, ఎవరు ఎవర్ని ఇంటర్వ్యూ చేయాలో గుర్తుంటే చాలు.

ఇక డబ్బు. మూడేళ్లకి 2,85,000 అయ్యేది 2,40,000కి, అంటే 45 వేలు ఆదా. వినడానికి బాగుంది. కానీ ఆ డబ్బుతోనే షెడ్లు వేస్తున్నారని నా అనుమానం, అంటే మీరు ఫీజు కట్టడం లేదు, వడ్డీ లేని అప్పు ఇస్తున్నారు. నేను కూడా ఒకప్పుడు ఇదే చేశానమ్మా. మా అబ్బాయిని హైదరాబాద్‌లో ఒక కొత్త బడిలో వేశా, పేరెందుకులే, పెట్టినావిడ నిజంగా మంచి మనిషి, పిల్లలంటే ప్రేమ. రెండేళ్ల ఫీజు కట్టించుకున్నారు. మొదటి ఏడాది మావాడు బడికి పరిగెత్తుకుంటూ వెళ్లేవాడు, అది నేను మర్చిపోలేను, వాడి జీవితంలో మళ్లీ ఏ బడికీ అలా వెళ్లలేదు. రెండో ఏడాది దసరా సెలవులయ్యాక ఐదుగురు టీచర్లలో ముగ్గురు లేరు. సంక్రాంతికి బిల్డింగ్ ఓనర్‌తో గొడవ. మార్చిలో మెసేజ్ వచ్చింది, వచ్చే ఏడాది నడపడం లేదని. టీసీ కోసం ఆవిడ ఇంటికే వెళ్లాల్సొచ్చింది, ఆవిడ ఏడ్చేసింది, నేను డబ్బు సంగతి ఎత్తలేకపోయా. మోసం ఏమీ లేదు అక్కడ, లెక్క కుదరలేదు అంతే. 40 మంది పిల్లలతో, మంచి జీతాలిస్తూ, అద్దె కడుతూ బడి నడపాలంటే ఎవరో ఒకరు జేబులోంచి వేస్తూనే ఉండాలి.

అందుకే టర్మ్ వారీగా మాత్రమే కట్టండి, ఆ 45 వేలు పోతే పోనివ్వండి. ఎంతమంది పిల్లలు చేరారు, ఎంతమంది వస్తే ఖర్చులు సరిపోతాయి, రాకపోతే రెండేళ్లు నడపడానికి డబ్బెక్కడిది, స్థలం సొంతమా లీజా, లీజ్ ఎన్నేళ్లు, ఇవి అడగడానికి సిగ్గుపడొద్దు. టీచర్ల జీతం ఎంతని కూడా అడగండి. జీతం నెలకి పన్నెండు వేలు అంటే ఆ టీచర్ మీ పాప రెండో తరగతికి వచ్చేసరికి ఉండదు. ఇలాంటి బడిలో పద్ధతి గోడ మీద ఉండదు, ఆ టీచర్ బుర్రలో ఉంటుంది, ఆవిడ వెళ్లిపోతే మిగిలేది తోటే.

మరి నేనేం చేయమంటానంటే, ఈ జూన్‌లో వద్దు. ఒకటో తరగతి మీ వీధి చివరి బడిలోనే చదవనివ్వండి. టీచరంటే ప్రాణం అని మీరే రాశారు, ఆ మాట మీరు కింద ఎక్కడో రాశారు గానీ నేనైతే మొదటి లైన్‌లో రాసేవాణ్ని. కొత్త బడి నిజంగా నిలబడితే వచ్చే ఏడాది రెండో తరగతికి కూడా తీసుకుంటారు, 1 నుంచి 3 ఒకే రూం కదా, పాప పోగొట్టుకునేది ఏమీ లేదు. ఇప్పుడు కడితేనే ఆఫర్, తర్వాత సీట్లుండవు అంటారు, ఉంటాయి, కొత్త బళ్లలో రెండో ఏడాది సీట్లు ఎప్పుడూ ఉంటాయి.

ఈ ఏడాదిలో ఇంట్లో ఒక్కటి గమనిస్తూ ఉండండి, ఏ బడికైనా పనికొచ్చే కొలత ఇది. కేంద్రం చిన్న తరగతుల్లో చదవడం, లెక్కల కోసం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌లో లక్ష్యాలు రాసిపెట్టారు: ఒకటో తరగతి చివరికి నాలుగైదు మాటలున్న చిన్న వాక్యం చదవాలి, 99 దాకా అంకెలు రావాలి, మూడో తరగతి చివరికి అర్థమవుతూ నిమిషానికి కనీసం 60 మాటలు చదవాలి, 9999 దాకా అంకెలు, చిన్న గుణకారాలు. తెలుగులో మాటలు పొడుగు, వత్తులూ గుణింతాలూ ఉంటాయి కాబట్టి 60 అంటే స్టాప్‌వాచ్ పట్టుకోకండి, తడుముకోకుండా చదివి కథ చెప్పగలిగితే చాలు. కొత్త బడిలో పరీక్షలు లేవంటున్నారు, మంచిదే, కానీ పాప ఎక్కడుందో మీకెలా తెలుస్తుందని అడిగి, రాసుకున్న రికార్డు ఏదైనా ఉంటే చూపించమనండి. తెలుగు ఎవరు చెప్తారో కూడా అడగండి, 2018 చట్టం ప్రకారం తెలంగాణలో ఏ బడైనా తెలుగు చెప్పి తీరాలి, ఈ బళ్లలో మాత్రం తరచూ అది వారానికి రెండు పాటలుగా మిగిలిపోతుంది.

నవంబర్‌లో ఒక మామూలు మంగళవారం, ఫోన్ చేయకుండా ఆ తోటలో బడికి వెళ్లండి. ఓపెన్ డే రోజు కాదు, ఆ రోజు ఎవరైనా ముగ్గులేస్తారు. ఉదయం పదకొండుకి వెళ్లి అరగంట గది మూల కూర్చోనివ్వమని అడగండి. అల్లరి చేసిన పిల్లాడితో టీచర్ ఏం మాట్లాడుతుందో వినండి. జూన్‌లో చేరిన పిల్లలు ఇంకా ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి, జూన్‌లో కనిపించిన టీచర్ల మొహాలు ఉన్నాయో లేదో చూడండి. బయటికొచ్చే ముందు బాత్రూమ్‌లో నీళ్లొస్తున్నాయా చూడండి. అన్నీ బాగుంటే, గుర్తింపు కాగితం చేతికొస్తే, రెండో తరగతిలో హాయిగా చేర్చండి, మీవారికి నేను నచ్చజెప్తా. అత్తయ్యగారిని కూడా ఆ రోజు వెంట తీసుకెళ్లండి, పెద్దవాళ్లు ఇలాంటివి మనకన్నా ముందే పసిగడతారు.